శుభదినమను పాట

1991 మార్చి 3న లాస్ ఏంజెలిస్ నగరమున పోలీసులు రాడ్నీ కింగ్ అను నల్లజాతీయుని లాఠీలతో మోదుటను లోకమెల్ల వీడియోలో చూచెను. అయినను 1992 ఏప్రిల్ 29న జూరీవారు ఆ నలుగురు పోలీసులలో నొక్కనినైనను దోషి యనరైరి. నగరము భగ్గుమనెను; 50 మందికి పైగా మడిసిరి.

ఆ నవంబరులో వెలువడిన ఐస్ క్యూబ్ ర్యాప్ ఆల్బమ్ ‘ది ప్రెడేటర్’ నిండ నా క్రోధమే. (కొరియా వర్తకులను బెదరించిన యాతని 1991 నాటి పాటను మాత్రము మేము మెచ్చజాలము. అల్లరులలో కాలిన యంగళ్లలో వారివే యనేకములు.) అయినను ‘ది ప్రెడేటర్’లో నొక పాట మమ్ము కదలనీయలేదు: ‘ఇట్ వాజ్ ఎ గుడ్ డే’. మనము శుభదినమును పంచాంగమున వెదకుదుము. ఆతనికో, పోలీసులు చూచియు నాపలేదు, ఎఱిగినవారెవ్వరును చంపఁబడలేదు, తాను తుపాకి నెత్తవలసిన పని పడలేదు. ఆ వాడలో నింతమాత్రమే శుభదినము!