మెదడు లేకపోయినా గుండె ఆగదా?

ముందు ఒక చిన్న పని చేద్దాం. మణికట్టు మీద, బొటనవేలి వైపు, రెండు వేళ్ళు పెట్టి నాడి పట్టుకోండి. మెల్లగా గాలి పీల్చండి... ఇప్పుడు మెల్లగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. భయపడకండి, ఇది జబ్బు కాదు. మీ వయసువాళ్ళలో బాగా తెలుస్తుంది కూడా. ఇది ఎందుకో చెప్తాను.

మెదడు చెబితేనే గుండె కొట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. కానీ గుండెకి సొంత జనరేటర్ ఉంది. పేరు ఎస్‌.ఏ. నోడ్, ఉండేది కుడి కర్ణిక గోడలో. దాని మానాన వదిలేస్తే నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టిస్తుంది. మరి ఊరికే కూర్చుంటే మనకి 70 దగ్గరే ఎందుకుంటుంది? మెదడు కింది భాగమైన మెడుల్లా నుంచి వచ్చే వేగస్ నరం రోజంతా బ్రేక్ మీద కాలు పెట్టే ఉంచుతుంది. గాలి పీల్చినప్పుడు ఆ కాలు కొంచెం లేస్తుంది, వదిలినప్పుడు మళ్ళీ పడుతుంది.

బస్సు కోసం పరిగెత్తారనుకోండి. ముందు బ్రేక్ వదులుతుంది. తర్వాత సింపథెటిక్ నరాలు యాక్సిలరేటర్ తొక్కుతాయి, గుండె పిండే బలాన్నీ పెంచుతాయి. లెక్క చూడండి: ఒక్కో బీట్‌కి 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 బీట్లు, అంటే సుమారు 5 లీటర్లు. ఇదే కార్డియాక్ అవుట్‌పుట్. గట్టిగా పరిగెడితే 20 లీటర్ల దాకా వెళ్ళగలదు.

సరే, ఈ నరాలు తెగిపోతే? గుండె మార్పిడిలో జరిగేది అదే. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలిసారి ఒక మనిషి గుండెను ఇంకో మనిషికి అమర్చారు. ఈ ఆపరేషన్‌లో రక్తనాళాలు కుడతారు, నరాలు కలపరు. అయినా గుండె కొట్టుకుంటుంది, కూర్చున్నా 90, 100 అలా. బ్రేక్ లేదు కదా! యాక్సిలరేటర్ తీగా లేదు. అడ్రినలిన్ రక్తంలో కలిసి గుండెదాకా రావాలి, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే వాళ్ళని వ్యాయామం నెమ్మదిగా మొదలుపెట్టి, నెమ్మదిగా ఆపమంటారు.

అసలు విషయం ఇంకోటుంది. నొప్పి కబురు మోసే నరాలూ తెగిపోతాయి. ఏళ్ళు గడిచాక కొందరిలో కొన్ని తిరిగి పెరుగుతాయి, అందరిలో కాదు. కాబట్టి గుండె రక్తనాళం మూసుకుపోతున్నా ఛాతీ నొప్పి రాకపోవచ్చు. "నాకు బాగానే ఉంది" అని చెకప్ మానేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

మీకు తెలిసినవాళ్ళలో గుండె మార్పిడి అయినవాళ్ళుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. గబుక్కున లేస్తే కళ్ళెందుకు తిరుగుతాయో వచ్చేసారి మాట్లాడుకుందాం. ఉంటాను మరి!