వాన లెక్క, ఏటిగట్టు

వరదకాలము వచ్చినదనిన మన లంక గ్రామములవారు ఆకాశముకన్న భద్రాచలము నీటిమట్టమునే ఎక్కువగా గమనింతురు. కోనసీమలో చినుకు లేకున్నను ధవళేశ్వరము వద్ద గోదావరి పొంగవచ్చును. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల పరీవాహములలో కురిసిన వానయే మనకు వరద. 1986 ఆగష్టులో ధవళేశ్వరము వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించినవి. 2022 జులైలో 25 లక్షలు దాటినవి. ఇట్టి వానలు మున్ముందు హెచ్చునా అను ప్రశ్న ఏటిగట్టు ఎంత ఎత్తుండవలెనను ప్రశ్నయే.

రేడియోలో మేము చదువు సూచన రేపటి వానకు సంబంధించినది. ముప్పది నలుబది ఏండ్ల తరువాతి వానల తీరు తెలియుటకు శాస్త్రజ్ఞులు ప్రాంతీయ శీతోష్ణస్థితి నమూనాలను ఆశ్రయించుచున్నారు. వాతావరణమును గడులుగా విభజించి, గాలి, వేడిమి, తేమల సమీకరణములను కంప్యూటరుపై సాధింతురు. దక్షిణాసియాకై జరిగిన ఇట్టి లెక్కలలో గడి ప్రక్క మొదట సుమారు 50 కిలోమీటర్లు, తరువాత 25. పెద్ద గడి ఒక్కటి వైశాల్యమున ఇంచుమించు కోనసీమ యంత. కుండపోతగా కురియు మేఘమో, కొన్ని కిలోమీటర్ల మేర మాత్రమే ఉండవచ్చును. గడికన్న చిన్నదగు మేఘమును నమూనా నేరుగా చూడజాలదు. ఉజ్జాయింపు సూత్రముతో లెక్కించును. అందుచే నమూనాలోని వాన తరచుగా సన్నని జల్లగును, కుండపోత తగ్గును. మరియు ప్రాంతీయ నమూనా తన పొలిమేరల వద్ద గాలిని, తేమను భూగోళ నమూనానుండి అరువు తెచ్చుకొనును. ఆ అరువులోని తప్పు ఇక్కడి వానకును సంక్రమించును.

అట్లని ఈ లెక్కలు వ్యర్థములు కావు. ఋతుపవనముల రాకపోకలను, పడమటి కనుమల అధికవర్షమును, వాటి ఆవలి వాననీడను ఇవి చాలవరకు చూపగలవు. గడచిన కాలపు వానను నమూనాచే లెక్కింపజేసి, భారత వాతావరణశాఖ 1901 నుండి కూర్చిన వర్షపాత పట్టికలతో పోల్చి, తేడాను సవరింతురు. సగటును సవరించుట సులభము. 1986 వంటి అరుదైన వానను సవరించుట కష్టము. పోల్చుటకు అట్టి దినములు కొన్నియే కదా!

గట్టు కట్టువారు ఒక్క అంకె నడుగుదురు. అనేక నమూనాలను కలిపి చూచినను లభించునది కనిష్ఠమునకు, గరిష్ఠమునకు నడుమనున్న పరిధియే. లంకలవారి ప్రాణములు గట్టుపై ఆధారపడినపుడు గరిష్ఠమును మరచుట తగదు. ఇక నమూనాను దిద్దునది ఊరి వర్షమాపకమే. అందలి నీటిని ప్రతి ఉదయము శ్రద్ధగా కొలిచి వ్రాయువాడు రేపటి ఏటిగట్టునకు పునాది వేయుచున్నాడు.