ఇలా జరిగితే ఏమవుతుంది?



మధ్యాహ్నం భోజనాలయి, వంటిల్లు సర్దుకున్నాక మనకు చిక్కే గంటా గంటన్నరకి మన ఇళ్ళల్లో కాలక్షేపమని పేరు. ఆ వేళప్పుడు భాగవతం చదివితే ఎవరూ ఏమీ అనరు. కుట్టుపని పెట్టుకుంటే మెచ్చుకుంటారు. అదే, వేరే గ్రహం మనుషుల నవల చదువుతున్నామన్నా, అబ్బాయి కంప్యూటరు ముందు కూర్చుని ఆట ఆడుతున్నామన్నా, “ఈ వయసులో ఇదేం సరదా?” అని నవ్వుతారు. ఈ వేళ ఆ సరదా తరఫున నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

లేని లోకాన్ని ఊహించి చెప్పే కథలు మనకేమీ కొత్త కాదు. కాశీమజిలీ కథలు విన్నవాళ్ళం. చందమామ ఇంటికి రాగానే పిల్లల చేతిలోంచి లాక్కుని సీరియలు చదివినవాళ్ళం. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందంటే హాయిగా నమ్మాం. ఆ చిలక స్థానంలో ఒక యంత్రాన్నీ, ఏడు సముద్రాల స్థానంలో ఏడు గ్రహాలనూ పెడితే సైన్సు ఫిక్షన్ అంటున్నారు. రెంటికీ మూలం ఒకటే ప్రశ్న: ఇలా జరిగితే ఏమవుతుంది? గ్యాసు అయిపోయిన పూటే నలుగురు భోజనానికి దిగితే ఏం చెయ్యాలా అని ముందే ఊహించి పెట్టుకునే మనకి ఈ ప్రశ్న నేర్పాలటండీ?

బేగమ్ రొకేయా సఖావత్ హుస్సేన్ అనే బెంగాలీ ఇల్లాలు ఈ ప్రశ్న వేసుకుని నూరేళ్ళు దాటింది. భర్త డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆయన క్యాంపుకి వెళ్ళి తాను ఒంటరిగా ఉన్నప్పుడు, పొద్దుపోవడానికి ఇంగ్లీషులో ఒక కథ రాసిందామె. ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే ఆ కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ది ఇండియన్ లేడీస్ మేగజైన్’లో అచ్చయింది. ఆ పత్రికను నడిపిన కమలా సత్యనాథన్ గారు మన తెలుగింటి ఆడపడుచే.

కథలో ఒక దేశం. అక్కడ ఘోషాలో ఉండేది మగవాళ్ళు! ఆడవాళ్ళు రాజ్యం చేస్తారు, విశ్వవిద్యాలయాలు నడుపుతారు, ఆకాశంలో బండ్ల మీద తిరుగుతారు. మబ్బుల్లోంచి నేరుగా నీళ్ళు తోడుకుంటారు. శత్రువులు దండెత్తి వస్తే ఎండ వేడిమిని ఒడిసిపట్టి వాళ్ళ మీదికి మళ్ళిస్తారు. నాకు మాత్రం యుద్ధం కంటే వంటిల్లు బాగా నచ్చింది. కూరగాయల తోట మధ్య ఉంటుందది. బొగ్గు లేదు, పొగ లేదు, మసి లేదు. గొట్టంలోంచి ఎండ వేడి వస్తే దాంతోనే వంట. బయట కట్టెల పొయ్యి ఊదుతూ కళ్ళు నలుపుకుంటున్న కాలంలో ఆ మాట రాసిందంటే, అదేమైనా ఊసుపోక రాసిన రాతా?

క్యాంపు నుంచి వచ్చిన భర్త నిలబడే కథంతా చదివి, భయంకరంగా పగ తీర్చుకున్నావే అన్నారట. ఆయన పోయాక 1909లో ఆయన పేరుతోనే ఆమె భాగల్‌పూరులో ఆడపిల్లల బడి పెట్టింది. తరవాత 1911లో కలకత్తాలో ఎనిమిది మంది పిల్లలతో మళ్ళీ మొదలుపెట్టింది. కథ రాసినందుకే బడి పెట్టిందని నేననను. కాని లేని బడిని కళ్ళ ముందు చూడగలిగితేనే కదా, కట్టడానికి చెయ్యి లేచేది!

ఇక ఆటల మాట. వీడియో గేమ్ అనగానే మనకు తుపాకుల మోతే తలపుకొస్తుంది. కథలో మనమే నడిచే ఆటలు కూడా ఉన్నాయి. అమెరికాలో రొబర్టా విలియమ్స్ అనే ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి. భర్త ఇంటికి తెచ్చిన యంత్రం మీద, గుహలో దారి వెతుక్కునే ఒక ఆట ఆడింది. అందులో బొమ్మలుండవు, అక్షరాలే. దానికి బొమ్మలు కూడా ఉంటే ఎలా ఉంటుందనుకుంది. వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని, ఒక భవంతిలో హత్యల కథ అల్లింది. చిక్కుముడులూ బొమ్మలూ ఆవిడవి, ప్రోగ్రాము పని భర్త కెన్‌ది. 1980లో ఆ ‘మిస్టరీ హౌస్’ని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి అమ్మారు. 1984లో ‘కింగ్స్ క్వెస్ట్’ అని మన రాజకుమారుల కథల వంటిది మరొకటి చేసింది. తనకు సరదా పుట్టించిన ఆ గుహ ఆటనే మళ్ళీ కొత్తగా తయారుచేసి 2023లో విడుదల చేసింది. అప్పటికి ఆవిడ వయసు డెబ్భైకి దగ్గర పడింది.

ఎప్పుడూ ఆడనివాళ్ళు 2014లో వచ్చిన ‘మాన్యుమెంట్ వ్యాలీ’ లాంటిది ఫోనులో చూడండి. చంపడాలు లేవు, తొందర లేదు, కొన్ని గంటల్లో పూర్తవుతుంది. ముగింపనేది లేకుండా, అడుగడుక్కీ నాణేలు కొనమనే ఆటల జోలికి మాత్రం పోవద్దు. చీట్ల పేకకీ వాటికీ నాకు తేడా కనిపించదు.

చదివారు, ఆడారు. మరి అల్లడం? 2009లో క్రిస్ క్లిమాస్ అనే ఆయన ట్వైన్ అనే ఉచిత సాధనాన్ని తెచ్చాడు. కంప్యూటరులో బ్రౌజరు తెరిచి రాసుకోవడమే. ఒక్కో గడిలో కథ ఒక్కో ముక్క. రెండేసి చదరపు బ్రాకెట్ల మధ్య ఒక మాట రాస్తే, దాని పేరుతో మరో గడి పుడుతుంది. చదివేవారు ఆ మాట నొక్కితే కథ అటు మళ్ళుతుంది. తెలుగులో శుభ్రంగా రాసుకోవచ్చు.

ఉదాహరణకు, అటక మీద అమ్మమ్మ ట్రంకు పెట్టె. అందులో పెళ్ళికి ముందు ఆవిడ రాసి, పోస్టు చెయ్యని ఉత్తరం: నన్ను డాక్టరు చదువు చదివించండి నాన్నగారూ అని. ‘పెట్టె మూసెయ్యి’ అని ఒక దారి, ‘ఉత్తరం పోస్టు చెయ్యి’ అని మరో దారి. రెండో దారిలో మీ అమ్మమ్మ ఏ ఊళ్ళో ఆస్పత్రి నడిపిందో, మీరసలు పుట్టారో లేదో, అది మీరే చెప్పాలి. అడగ్గానే కథ రాసిపెట్టే యంత్రాలు ఇప్పుడొచ్చాయి. తేదీలకీ మాటలకీ వాటిని అడగండి, తప్పులేదు. అమ్మమ్మ ఏమనుకుని ఆ ఉత్తరం దాచుకుందో మాత్రం వాటిని అడగకండి.

ముందు కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి. పదో పన్నెండో దాటితే కొత్తవాళ్ళకి దారులు చిక్కుపడతాయి. ఇంకొక్క సంగతి. బ్రౌజరులో రాసిన కథ ఆ బ్రౌజరులోనే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా దాన్ని శుభ్రం చేశారంటే కథ కూడా పోతుంది. అందుకని లేచేముందు, ఆర్కైవ్ అని ఉన్నచోట నొక్కి ఒక ప్రతిని ఫైలుగా దాచుకోండి. దానికి మీ పేరే పెట్టండి.