రోమన్ దినారియస్‌ను చదవడం

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. ఇవి దినారియస్‌లు, మన ‘దీనారం’ అన్న మాటకు మూలం ఇదే. ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలం నాటివి.

అటువంటి నాణెం మీ చేతికి వచ్చిందనుకోండి. ముందు తూచండి. నాలుగు గ్రాములకు కాస్త తక్కువగా ఉండాలి. తరువాత తల బొమ్మ చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాలు చూడండి. ‘యు’ ఉండవలసిన చోట ‘వి’ కనిపిస్తే తికమకపడకండి; రోమన్లకు రెండూ ఒకే అక్షరం. ‘టి సీజర్ దివి’ అని మొదలైతే అది టైబీరియస్ (క్రీ.శ. 14–37) నాణెం. వెనుక కూర్చున్న స్త్రీ, ‘పాంటిఫ్ మాక్సిమ్’, అంటే ప్రధాన పురోహితుడు అన్న బిరుదు ఉంటాయి.

చక్రవర్తి ముఖంపై ఉలి గాటు ఉందా? పాడైన నాణెమని పక్కన పెట్టకండి. నా దృష్టిలో మనకు అదే ముఖ్యం. 1898లో పుదుక్కోట్టైలో దొరికిన బంగారు నాణేల్లోనూ అత్యధికం ఇలా గాటు పడ్డవే. లోహాన్ని పరీక్షించారా, చెలామణి నుంచి తప్పించారా అన్నదానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు.

పొలంలో ఇలాంటి నిధి దొరికితే తోమకండి, పంచుకోకండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. కుండలోని అన్నిటికంటే కొత్త నాణెమే దాన్ని ఏ కాలం తరువాత పాతిపెట్టారో చెబుతుంది. ఆ ఒక్కటి కంసాలి మూసలోకి పోతే, మిగిలినవన్నీ ఉన్నా ఆ సంగతి తెలియదు.