బెంచీలు ఖాళీ కాకుండా చూద్దాం



శనక్కాయ పంట ఎండిన ఏడు ఎలా ఉంటుందో బడి పంతుళ్లమైన మాకు హాజరు పట్టీ చూస్తేనే తెలుస్తుంది. సంక్రాంతి దాటేసరికి బెంచీలు ఖాళీ అవుతాయి. అమ్మానాన్నలు బెంగళూరుకు కూలికి పోతే పిల్లలూ వెంట పోతారు. తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయి ఉంటాయి.

2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు ఉపాధి హామీ పథకాన్ని మన నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించారు. మన పల్లెల్లో దాన్ని కరువు పని అన్నారు. అప్పటి చట్టంలో కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అని రాశారు. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలని చట్టంలోనే రాశారు. అంటే అది ఎవరి దయా కాదు, కూలివాడి హక్కు.

అయితే ఆ చట్టం పల్లెల వరకే. అనంతపురం, గుంతకల్లు, కదిరి, హిందూపురం పట్టణాల్లో పంక్చర్ షాపు, తోపుడు బండి, కుట్టుమిషన్ మీద బతికే మన కుటుంబాలకు ఆ ఆసరా లేదు. పల్లెలో కూడా కూలి డబ్బు ఆలస్యమైతే అప్పు తప్పదు.

రంజాన్‌లో మీరిచ్చే బియ్యం, బట్టలు ఎన్నో ఇళ్లను ఆదుకుంటున్నాయి. ఇంకో రెండు పనులు కోరుతున్నాం. జకాత్‌లో కొంత జనవరి నుంచి ఏప్రిల్ దాకా దాచి, వలసపోయిన వారి పిల్లలకు ఇక్కడే తిండి, వసతి చూద్దాం. పని కోరే అర్జీ రాయలేని వారికి మనమే రాసిపెట్టి, తేదీ వేసిన రశీదు ఇప్పిద్దాం.

వచ్చే సంక్రాంతి తర్వాత కూడా మా బెంచీలు నిండుగా ఉండాలని దువా చేయండి, చేయి కలపండి.