తాటికల్లు పరీక్ష

స్కాట్లండు దేశమున, మొలకెత్తించిన బార్లీగింజలతో ఒకే బట్టీయందు దించిన విస్కీని, షెర్రీ యను ద్రాక్షసారాయి నిలువయుంచిన ఓకుకొయ్య పీపాలలో మాగవేయుదురు. చట్టమును బట్టి 3 ఏండ్లకు తక్కువ కారాదు. ఆ పీపావలననే ఎఱ్ఱని వన్నెయు, ఎండుద్రాక్షల వాసనయు కలుగును. అయినను మాడ్చిన చక్కెరరంగు కలుపుటకు అచటి చట్టమే యొప్పును గనుక, కేవలము వన్నెను నమ్మరాదు.

జగ్గయ్యపేట, నందిగామ మెట్టపల్లెల పెద్దలకు ఇది వింతగాదు. మన తాటికల్లునకును కుండయే ప్రాణము. లెక్క మాత్రము ఏండ్లతో గాదు, గడియలతో. లోపల సున్నము పూసిన ముంతలో రాత్రి దిగిన రసము తెల్లవాఱుసరికి తియ్యని నీరా. మడ్డి మిగిలిన పాతముంతలోనిదో, చెట్టుమీదనే పులియ నారంభించును. మధ్యాహ్నమునకు నురుగును పులుపును హెచ్చును. మఱునాటికి త్రాగ శక్యముగాని పుల్లనీరగును.

పలుచని పాలవన్నె, సన్నని నురుగు, పులిసిన పిండివాసన మంచికల్లు లక్షణములు. కాని క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలాము వంటి మత్తుమందులు కలిపి, సాకరినుతో తీపిచేసి అమ్ముట తెలంగాణమున పలుమాఱులు పట్టుబడినది. ఆ తీపి మాటున మందు నాలుకకు చిక్కదు. ఉదయమున, సాయంకాలమున ఒకే రుచిగానుండు కల్లును శంకింపుడు. అట్టిది మానినంతనే వణుకు, నిద్రలేమి, మూర్ఛ కలిగినవానిని త్రాగుబోతని నవ్వి విడువక, ఆనాడే వైద్యశాలకు చేర్పింపుడు.