పడుకొని చూడవలసిన గది



పడకగది అలంకరణమును గూర్చి రేడియోలో ఉపన్యాసమేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మన పాతయిండ్లలో పడకకని వేరుగా ఒక గది యెక్కడ ఉండెడిది? వేసవిలో వాకిట పడుకొనెడివారము. వానకాలమున పంచలోనికి, చలికాలమున నడిమింటికి మంచము మారెడిది. నులకమంచము తేలిక. తెల్లవారగానే గోడవార నిలువబెట్టెడివారము. నేడు పల్లెలలో సైతము స్లాబు ఇండ్లు లేచినవి. మంచము ఒక అర్రలో స్థిరపడినది; మనిషియు దానితో స్థిరపడినాడు. కావున ఆ అర్ర యెట్లుండవలెనో ఆలోచింపక తప్పదు.

నేను సికింద్రాబాదు చెంత యాప్రాల్‌లో నివసించుచున్నాను. ఒకప్పటి పల్లె, నేడు నగరమున కలిసిపోయినది. వేపను మా వైపు యాప యందురు గనుక, ఈ పేరు వినినప్పుడెల్ల నాకు చెట్టునీడయే తలపునకు వచ్చును. ఇప్పుడు మాత్రము నీడకంటె మేడలే యెక్కువ.

మా మనుమనికి ఆరవయేడు రాగానే వానికి వేరుగా ఒక గది యేర్పరుపవలెనని నా కుమారుడును కోడలును నిశ్చయించిరి. ఒక దుకాణమువారు వచ్చి గోడ నిండుగా పెద్దపులిని చిత్రించిరి. మోటారుకారు రూపముగల మంచమును తెచ్చిరి. పైకప్పునకు నక్షత్రములు అంటించిరి. చూడవచ్చిన బంధువులందరు మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని. పిల్లవాడు మాత్రము వారము తిరుగకముందే అర్ధరాత్రివేళ దిండు చంకబెట్టుకొని నా మంచముకడకు రాసాగెను. "తాతా, కొంచెము జరుగు" అనును, మరుక్షణమున నిద్రపోవును. తల్లి బుజ్జగించినది, తండ్రి మందలించినాడు. వీడు పిరికివాడని యింటిల్లిపాదియు తీర్మానించిరి.

ఆ మాట నాకు కష్టముగా తోచినది. ఒకనాటి రాత్రి వానిని నా మంచముపై పరుండబెట్టి, నేను పోయి వాని మంచముపై పడుకొంటిని. దీపము ఆర్పగానే వీధిదీపపు వెలుగు కిటికీనుండి వచ్చి సరిగా పులికన్నులపైననే పడినది. మంచము ఆనించిన గోడ పడమటిగోడ. మధ్యాహ్నమంతయు ఎండ త్రాగినదై, రాత్రి ఆ వేడిని నా వీపునకు అప్పగించుచుండెను. లేచి దీపము వేయుదమన్న మీట తలుపు దగ్గర, పిల్లవాని చేతికందని యెత్తున ఉన్నది. గది తీర్చినవారు పగటిపూట నిలువబడి చూచిరి. వాడు రాత్రిపూట పడుకొని చూచినాడు. వానిది పిరికితనము కాదని నాకప్పుడు తెలిసినది.

మరునాడే మంచమును లోపలిగోడకు జరిపించితిని. మీటను క్రిందికి దింపించితిమి. పులిపై సున్నము వేయించి, అచ్చట చేర్యాల నకాషీ పటమొకటి, పిల్లవాడు కూర్చుండిన కంటికెదురుగా ఉండునట్లు వ్రేలాడదీసితిమి. సిద్దిపేట జిల్లాలోని ఆ చేర్యాలలో గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి కథలను బొమ్మలుగా వ్రాయుదురు. పూర్వము ఊరూర ఆ పటములు విప్పి కథ చెప్పెడివారు. పులి చూచి భయపెట్టును. పటము ప్రశ్నలు పుట్టించును. రోజునకొక బొమ్మ చూపి "వీడెవడు తాతా" అని అడుగును. నాకు తెలియనప్పుడు కల్పించి చెప్పుచుందును.

రంగులను గూర్చి ఒక మాట చెప్పవలెను. పాత నూనెరంగులలో, విశేషించి పసుపు, ఎరుపు రంగులలో, సీసము కలిసియుండెడిది. పెచ్చులూడిన రంగును పసివాండ్రు నోట పెట్టుకొందురు; ఆ సీసము మెదడును చెరచును. మన దేశమున 2016లో చేసిన నియమములనుబట్టి ఇంటిరంగులలో సీసము 10 లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. కొనునప్పుడు డబ్బామీద చూచుకొనుడు. పాతరంగును పొడిగా గీకి దుమ్ము లేపవలదు.

స్లాబు వేడికి మన సున్నమే మందు. పైకప్పుపై తెల్లగా పూసిన ఎండను తిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది ఈ సూత్రముమీదనే.

దోమతెరను అలంకారముగా ఎవరును ఎంచరు. కాని మా యూరికి కొన్ని మైళ్ల దూరమున, బేగంపేటలో, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, రోనాల్డు రాస్ అను వైద్యుడు దోమ కడుపుగోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. అంతటి సంగతి తెలిసిన చోటనే నేడు కిటికీలకు పట్టుతెరలు కట్టి, దోమతెరను అటకమీద పడవేయుచున్నాము. డెంగీ దోమ పగలు కుట్టును. కాబట్టి మధ్యాహ్నము నిద్రించు పిల్లలకును తెర దింపుడు.

ఇక పెద్దల గది. ఇందు తప్పు నాదే. వరంగల్లు కొత్తవాడ జంపఖానా యొకటి ముచ్చటపడి కొని, నున్నని పలకల నేలపై మంచముప్రక్కన పరపించితిని. కోడలు వద్దన్నది, నేను వినలేదు. పోయిన చలికాలమున తెల్లవారుజామున లేచి అడుగు పెట్టగానే అది జారినది. మణికట్టు విరిగి ఆరు వారములు కట్టుతో ఉంటిని. తుంటియెముక దక్కినది, అది విరిగి మంచము పట్టినవారిని మనమెరుగుదుము గదా!

ఇప్పుడు జంపఖానా మంచముపైనే పరచుకొనుచున్నాను. దాని అందమేమియు తగ్గలేదు. మంచపుకోళ్లు కోయించి ఎత్తు తగ్గించితిని. కూర్చుండిన పాదములు రెండును నేలకు ఆనుచున్నవి. స్నానపుగదికి పోవు దారిలో మోకాలియెత్తున చిన్నదీపము రాత్రియంతయు వెలుగును. నేలయు గడపయు ఒకే తెలుపుగా ఉండి నాకు కానరాకుండెను. గడపకు జాజుఎరుపు పూయించితిని. గోడకు పట్టుకొనుటకు ఒక కమ్మి బిగించిరి. నా పాత టేకుపెట్టెను పారవేయుదమన్నప్పుడు మాత్రము నేను ఒప్పుకొనలేదు. దానిపైననే కళ్లజోడు, మంచినీళ్లచెంబు చేతికందునట్లు ఉండును.

మీలో చాలమంది కొడుకుల యిండ్లకు పట్టణము పోయినపుడు, చోటెక్కడనన్నను సరేయని, ముందరిగదిలోని సోఫాపై సర్దుకొందురు. రాత్రి చీకటిలో దారి తడవుకొందురు. మొగమాటపడక, చిన్నదీపమును, ఎత్తు తగ్గిన మంచమును అడుగుడు. వారు ప్రేమలేక చేయనివారు కారు. ఆ సోఫాపై వారు పడుకొని చూడలేదు.

మనుమడు ఇప్పుడు తన గదిలోనే నిద్రించుచున్నాడు. నిన్న రాత్రి పెద్ద ఉరుము ఉరిమినది. దిండుతో వచ్చి నిలుచున్నాడు. నేనేమియు అనక గోడవైపునకు జరిగితిని.